నడిదూలానికి కట్టని గెల

మూడో తరగతి గది స్తంభం మీద వుర్యాంతి టీచరు పెన్సిల్‌తో గీసిన గీతలన్నీ సోమవారం పొద్దుటికి పచ్చరంగు కింద మాయమయ్యాయి. పగులు ఎంతవరకు పాకితే అక్కడ ఒక గీత, పక్కన తేదీ. ఏడు నెలలుగా ఆమె అలా గీస్తూనే ఉంది. చివరి గీత ఆమె భుజానికి పైన ఉండేది. ఇప్పుడు తడిమితే వేళ్లకు రంగు అంటుకుంది.

జావాలోని ఆ జిల్లాకు బూట్ల ఫ్యాక్టరీలు వచ్చాక వరిచేలన్నీ అద్దెగదులయ్యాయి. ఒక్కో తరగతిలో ఎనభై మంది పిల్లలు. బడికి పై అంతస్తు కావాల్సిందే. దాన్ని మోయడానికి ఎనిమిది కొత్త స్తంభాలు వేయాలని ప్లానులో ఉంది. ఒక్కదానికీ గుంట తవ్వలేదు. ఉన్న ఎనిమిది పాత స్తంభాలకే సిమెంటు దట్టంగా పూసి లావు చేశారు.

రెండేళ్ల కిందట ఇదే కాంట్రాక్టరు, హెందార్తో, ఇదే బడికి వేసిన కప్పు కూలింది. నలుగురు పిల్లలు పోయారు. వాళ్లలో వుర్యాంతి కూతురు లరస్ ఒకతె. ఆ సమయానికి వుర్యాంతి పక్క గదిలో భాగహారం చెబుతోంది. ఇంతకు మించి ఆ రోజు గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం అద్దెగదుల వాకిట్లో ఫ్యాక్టరీ ఆడవాళ్లూ, బడి కడుతున్న మేస్త్రీలూ కూర్చున్నారు. అందరూ 'బు గురూ', అంటే టీచరమ్మా, అని పిలిచే వుర్యాంతి స్తంభాల సంగతి చెప్పింది. వాదన లేచింది. పని ఆపిస్తే మంజూరైన డబ్బు ఇంకో జిల్లాకు పోతుందని కొందరు, పోతే పోనీ అని కొందరు. బూట్లకు అడుగులు అతికించే పోనియెం అందరికన్నా గట్టిగా అడ్డుపడింది.

"నా పిల్ల కిటికీ బయట నిలబడి పాఠం వింటోంది, బు గురూ. మీకేం, మీకు..." అని నాలుక కరుచుకుంది.

"నాకు బడికి పంపడానికి ఎవరూ లేరు," అంది వుర్యాంతి. "అందుకే మీ పిల్లల కోసం అడుగుతున్నాను. బడి వద్దనడం లేదు. ఎనిమిది గుంటలు తవ్వమంటున్నాను."

పెద్దమేస్త్రీ తుకిమిన్ లవంగాల సిగరెట్టు నేలకు నొక్కి ఆర్పాడు. అక్కడ ఏ ఇంటికైనా నడిదూలం ఎత్తిన రోజున పెద్దమేస్త్రీ పైకెక్కి అరటిగెల కట్టాలి. ఆ తర్వాత అందరూ దాని కిందే కూర్చుని అన్నం తినాలి. అప్పుడే అది కప్పు.

"కూలిన కప్పుకి గెల కట్టింది నేనే," అన్నాడతను ఆమె ముఖంలోకి చూడకుండా. "కలప పచ్చిదని తెలుసు. గెల కట్టాం కదా, ఇంకేం కాదులే అనుకున్నా."

వుర్యాంతి తన చేతులకేసి చూసుకుంది. వేళ్ల సందుల్లో పచ్చరంగు ఇంకా పోలేదు.

"అయితే ఈసారి కట్టకండి, పాక్," అంది, పెద్దవాళ్లను పిలిచే మర్యాదతోనే.

"కట్టకపోతే హెందార్తో ఆగుతాడా?" అంది పోనియెం.

"వాడు ఆగడు," అన్నాడు తుకిమిన్. "మనం దాని కింద కూర్చోం."

గురువారం దూలం ఎత్తారు. జిల్లా అధికారి వచ్చాడు. దాని కింద గదిలో చాపలు పరిచారు. ఆడవాళ్లు టేకాకుల్లో అన్నం కట్టుకొచ్చారు. తుకిమిన్ గెల భుజాన పెట్టుకుని నిచ్చెన మొదట్లో నిలబడిపోయాడు. ఎక్కమని హెందార్తో కసిరాడు. గుంటలెక్కడ అని తుకిమిన్ అడిగాడు. హెందార్తో నవ్వి, కారులోంచి ఇంకో గెల తెప్పించి తన డ్రైవర్ని ఎక్కించాడు.

"తలకిందులుగా కట్టాడ్రా," అన్నాడు పరంజా మీది మేస్త్రీ ఒకడు. అందరూ నవ్వారు.

భోజనానికి కూర్చోమని అధికారి పిలిచాడు. పోనియెం తన అన్నం మూట ఎత్తుకుంది, కూతురి చెయ్యి పట్టుకుంది. గదిలోంచి నడిచి వెళ్లి ఎండలో, నేల మీద కూర్చుంది. ఆమె వెనకే అందరూ లేచారు. కప్పు కింద ఖాళీ చాపలు మిగిలాయి. అధికారి ఒకసారి పైకి చూసి, తన కుర్చీ కాస్త బయటికి జరుపుకున్నాడు. అది అందరూ చూశారు.

పని అడ్డుకున్నాడని అధికారి వెంట వచ్చిన పోలీసులు తుకిమిన్‌ను పట్టుకున్నారు. అతను గెలను వుర్యాంతి చేతుల్లో పెట్టాడు. అంతలో పరంజా మీంచి ఒక మేస్త్రీ దిగి పోలీసుల కాళ్ల ముందు తాపీ పడేశాడు. "గెల కట్టనివాళ్లలో నేనూ ఉన్నాను." మరొకడు దిగాడు. పదకొండు తాపీలు పడ్డాయి. జీపులో చోటు చాల్లేదు.

"నడిచొస్తాం లెండి, దారి తెలుసు," అన్నారు వాళ్లు.

జీపు కదిలింది. వాళ్లు దాని వెనకే నడిచారు. వుర్యాంతి గెలను పిల్లల మధ్య పెట్టి తినమంది. తర్వాత గడ్డపార అందుకుని మూడో తరగతి స్తంభం మొదట్లో దింపింది. ఆడవాళ్లు పారలతో వచ్చారు. ఎవరిని అడిగి తవ్వుతున్నారని హెందార్తో కేకలేస్తూనే ఉన్నాడు. మోకాలి లోతుకే పునాది అయిపోయింది. కింద ఒకప్పటి వరిచేను నల్లమట్టి. పిల్లలతో సహా అందరూ వంగి చూశారు.

వుర్యాంతి కొప్పులోంచి పెన్సిల్ తీసింది. పచ్చరంగు మీద మళ్లీ ఒక గీత గీసి, ఆనాటి తేదీ వేసింది.

ఫ్యాక్టరీ రెండో షిఫ్టు సైరన్ మోగింది. పనికి ఎవరూ కదల్లేదు.

"ఒకటైంది, బు గురూ," అంది పోనియెం పార భుజానికెత్తి. "ఇంకా ఏడున్నాయి."