పన్నెండో పుట ప్రయాణాలు

నేను ఒక డ్రాయింగు షీటును. పేరుకే షీటును, కుదురుగా ఒకచోట సీటు దొరికిన పాపాన పోలేదు. గోదావరి ఒడ్డున ఒక కాగితం మిల్లులో పుట్టాను. వెదురు కడుపున పుట్టి కూడా ఎవరికీ ఎదురు చెప్పిందాన్ని కాదు. ఆ మంచితనమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

విశాఖపట్నంలో నన్ను కొని, చుట్టచుట్టి, చంకలో పెట్టుకుపోయిన మనిషి భానోజీ గారు. 'గవ్వ' అనే పిల్లల మాసపత్రికలో పందొమ్మిదేళ్ళుగా ఝంఝామూర్తి బొమ్మల కథ గీస్తున్న చిత్రకారుడు. ఝంఝామూర్తి అంటే సుడిగాలి మనిషి. నడుముకి ఎర్ర పట్కా, పాదాల కింద గాలి. కొండలు దాటగలడు, సముద్రాలు దాటగలడు. ఆగడం ఒక్కటే చేతకాదు. అతన్ని పుట్టించిన భానోజీ గారిదీ అదే వరస. రెండు నిమిషాలు కుర్చీలో ఉంటే మూడో నిమిషానికి కిటికీ దగ్గర, నాలుగో నిమిషానికి వీధిలో, అయిదో నిమిషానికి టీకొట్టులో. చిత్రకారుడు కాదు, విచిత్రకారుడు.

గుంటూరులో 'చిటికె' అని ఇంకో పత్రిక. అందులో మేరీ సుగుణ అనే ఆవిడ ఉడుంపిల్ల కథ గీసేది. ఉడుంపిల్లకు పదమూడేళ్ళు. గోడలెక్కుతుంది. ఏది పట్టుకున్నా వదలదు. దొంగ చొక్కా పట్టుకుందంటే వాడు చొక్కా ఆ పిల్లకు సమర్పించుకుని బనీనుతో పరుగెత్తవలసిందే.

ఈ రెండు పత్రికలనూ ఒకే పెద్దమనిషి కొన్నాడు. రెంటినీ కలిపి ఒక్కటిగా నడుపుతానన్నాడు. ఆ ఒక్కదాంట్లో సూపర్ హీరోకి చోటు కూడా ఒక్కటే. అంచేత ఇద్దరు హీరోలూ కలుసుకునే ప్రత్యేక సంచిక ఒకటి వేసి, ఎవరు నచ్చారో కార్డు రాయమని పిల్లల్ని అడుగుతాడట. కార్డులు తక్కువొచ్చిన హీరో ఇంటికి. గీసినవాళ్ళు కూడా వెనకాలే ఇంటికి. భానోజీ గారూ సుగుణా ఇద్దరూ గీతల మనుషులే గానీ, ఫలం మీద ఆశ పెట్టుకోవద్దనే గీత ఇద్దరిలో ఎవరికీ తలకెక్కలేదు.

సంచికకు పన్నెండు పుటలు. మొదట కొన్ని పుటల్లో ఝంఝామూర్తి ఒక్కడే, తరువాత కొన్నిటిలో ఉడుంపిల్ల ఒక్కతే. అవి ఎవరింట్లో వాళ్ళు హాయిగా గీసేసుకున్నారు. ఇద్దరూ ఎదురుపడేది ఆఖరి పుటలో. ఆ ఆఖరి పుటను నేను.

కథ ఏమిటంటే, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కూలిపోతోంది. దాన్ని పట్టుకుని ఉడుంపిల్ల వేలాడుతోంది. వదిలితే బతుకుతుంది, కానీ ఆ పిల్లకు వదలడం రాదు. ఝంఝామూర్తి రక్షించడానికొచ్చాడు, కానీ అతను దగ్గరికొచ్చిన కొద్దీ అతని గాలికే గొట్టం ఊగుతోంది. నిలబడి చెయ్యి అందిద్దామంటే నిలబడడం రాదు.

భానోజీ గారు నా మీద తన హీరోని పెన్సిలుతో దించి, పక్కన ఒక పిల్ల ఆకారంలో ఖాళీ వదిలి, నన్ను బస్సు పార్సిల్లో గుంటూరు పంపించారు. ఆ ఖాళీ ఝంఝామూర్తి మోకాలి దాకా వచ్చింది. సుగుణ నన్ను బల్ల మీద పరిచి, ఆ ఖాళీకేసి చూసింది.

"మా పిల్లకి ఇంతేనా చోటు? ఉడుంపిల్లనుకున్నాడా, ఉడతపిల్లనుకున్నాడా?" అంది. రబ్బరు తీసింది. ఝంఝామూర్తి కాళ్ళు కాస్త చెరిపింది. పిల్ల అతని భుజం దాకా ఎదిగింది.

తిరుగు బస్సులో విశాఖపట్నం వెళ్ళాను. భానోజీ గారు నన్ను చూసి కిటికీ దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. "ఏటిది? నావోణ్ణి మరుగుజ్జును సేసీసింది" అన్నారు. ఝంఝామూర్తి తల పెరిగింది. మళ్ళీ గుంటూరు. పిల్ల జడ పెరిగింది. మళ్ళీ విశాఖ. కొలత మారినప్పుడల్లా నాకు కలత. కండక్టర్లు "జరగండి, జరగండి" అంటుంటే, జరగాల్సిందంతా నాకే జరుగుతోంది గదా అనుకునేదాన్ని. ఆరో ప్రయాణానికి ఝంఝామూర్తి తల పై గీత దాటి ఆకాశంలోకి, ఉడుంపిల్ల మోచెయ్యి పక్క గీత దాటి అంచులోకి పోయాయి. ఇద్దరు మహావీరులున్నారు గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరికే వాళ్ళకు లేదు.

అచ్చు తేదీ దగ్గరపడింది. సంచిక బాధ్యత చూస్తున్న సంపాదకురాలు ఇందుమతి గారు ఇద్దరినీ నాతో సహా బెజవాడ ప్రెస్సుకు పిలిపించారు. ఆరు ప్రయాణాల పొడుగునా ఒకరి హీరోని ఒకరు చెరిపినవాళ్ళు మొదటిసారి మొహమొహాలు చూసుకున్నది అక్కడే.

ఇందుమతి గారు నన్ను వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. నాలోంచి ఫ్యాను రెక్కలు కనిపించాయి.

"ఏమండీ, దీని మీద ఇంకు వేస్తే ఏమవుతుందో చెప్పండి" అన్నారు.

చెరిపి చెరిపి నా ఒంటి మీద నూగు లేచింది. అలాంటి చోట ఇంకు గీతగా నిలవదు, సాలెగూడులా పాకుతుంది. ఇంకు ఇంకిపోయాక ఇంకేం మిగులుతుంది? ఈ సంగతి ముందే తెలియవలసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే ఇద్దరు. హీరో పొడుగు మీద పెట్టిన దృష్టిలో కాగితం మందం మరిచిపోయారు.

"కొత్త షీటు మీద గీద్దారండి" అన్నారు భానోజీ గారు.

"మళ్ళీ ఆరు బస్సులా మాస్టారూ? సాయంత్రం అచ్చుకి ప్లేటు తీయాలి. అడుగున ఈ జానెడు పట్టీ ఒక్కటే రబ్బరు తగలకుండా ఉంది. పైన తెల్లకాగితం అంటించి ఆకాశంలా వదిలేస్తాం. మీ కలయిక ఏదో ఈ పట్టీలోనే కానివ్వండి."

"జానెడులో ఇద్దరు ఎట్టా పడతారండీ?" అంది సుగుణ.

"చేతులు పడతాయి కదా" అన్నారు ఇందుమతి గారు. "ఒక షరతు. ఆయన హీరో చెయ్యి నువ్వు గియ్యి. నీ పిల్ల చెయ్యి ఆయన గీస్తారు. ఎవరిది వాళ్ళకిస్తే మళ్ళీ అంచులు దాటిస్తారు మీరు."

భానోజీ గారు లేచి గుమ్మం దాకా వెళ్ళారు. వెళ్ళిపోతారనుకున్నాను. వెనక్కొచ్చి కూర్చున్నారు.

సుగుణ పెన్సిలు చెక్కుకుంది. "మాస్టారూ, మీవాడు ఏదన్నా పట్టుకున్నప్పుడు వేళ్ళు ఎట్టా ఉంటాయి?" అంది.

ఆయన ఆలోచించారు. లెక్కలేనన్ని కథలు వెనక్కి తిప్పుకున్నట్టున్నారు. "నావోడు ఎప్పుడూ ఏదీ పట్టుకోలేదమ్మా" అన్నారు. "గాల్లో పోతన్నోడికి వేళ్ళు విచ్చుకునే ఉంటాయి. మరి నీ పిల్ల? ఎప్పుడైనా చెయ్యి ఇప్పిందా?"

"లేదండి. నిద్దట్లో కూడా పిడికిలే గీశా."

ఇద్దరూ నాకేసి చూశారు. అప్పటిదాకా ఎవరు ఎత్తు, ఎవరు ముందు అని కొట్టుకున్నవాళ్ళకు, తమ హీరో సొంత కథలో ఎన్నటికీ చేయలేని పని ఒకటుందని, అది చేయించడానికే అవతలి హీరో రావాలని అప్పుడు బోధపడింది. మనుషులు ఆరు బస్సులు మారితే గానీ ఒక ముక్క అర్థం చేసుకోలేరు.

సుగుణ ఝంఝామూర్తి చెయ్యి గీసింది. పందొమ్మిదేళ్ళుగా విచ్చుకుని ఉన్న వేళ్ళు మొదటిసారి ముడుచుకుంటున్నాయి, కొత్తగా, కాస్త భయంగా. భానోజీ గారు ఉడుంపిల్ల చెయ్యి గీయడం మొదలుపెట్టారు. ఆ చెయ్యి ఎంత బాగా గీస్తే పిల్లలు అంత ఆ పిల్లవైపు మొగ్గుతారని ఆయనకు తెలుసు. గీత గీతకీ తన ఉద్యోగం తనే చెరుపుకుంటున్నట్టు లెక్క. నాకు కుంచె మొన తగులుతూనే ఉంది. ఒక్కచోట వెనక్కి తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదాయన. గొట్టం మీది సిమెంటు గీసుకుపోయిన గోళ్ళు, వదలాలా వద్దా అని వణికే చిటికెనవేలు, తెరుచుకున్న అరచెయ్యి.

అచ్చయితే అచ్చొస్తుందంటారు. అచ్చొచ్చింది సుగుణకు. కార్డులు గోనెసంచుల్లో వచ్చాయి. వాటిలో ముప్పాతిక వంతు ఉడుంపిల్లకే. "చెయ్యి వదిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది" అని రాశారు పిల్లలు. ముఖచిత్రం మీద ముందే వేసిన పేర్లు మాత్రం 'ఝంఝామూర్తి: భానోజీ, ఉడుంపిల్ల: సుగుణ'.

సుగుణ ప్రెస్సు నుంచే విశాఖపట్నానికి ఫోను చేసింది. "మాస్టారూ, మా పిల్ల గెలిచింది మీ చెయ్యి వల్లండి. నేను పోయి ఓనరు గారికి చెబుతా. అట్టా ఊరుకుంటే నాకు అన్నం పోయిద్దా?"

అవతల ఆయన ఏమన్నారో రిసీవరు పక్కనే బల్ల మీదున్న నాకు సన్నగా వినిపించింది. "సెప్పకు తల్లీ. సెప్తే పిల్లలకి చెయ్యి కనబడదు, మనిద్దరం కనబడతాం. ఆగడం రాక పందొమ్మిదేళ్ళు తిరిగాడు నావోడు. ఎవరో పట్టుకున్నారు. చాలు."

సుగుణ ఫోను పెట్టేసింది. ఓనరు గారికి చెప్పలేదు.

భానోజీ గారు తరువాత ఏదో బడిలో డ్రాయింగు మాస్టారుగా చేరారని విన్నాను. నన్ను ఇందుమతి గారు విశాఖపట్నంలో ఒక చిత్రకళా కళాశాలకు ఇచ్చారు. అద్దం వేసి వరండా గోడకు తగిలించారు. ఇన్నేళ్ళకు నాకో స్థానం దొరికింది, దొరికాక తెలిసింది, నాకు స్థానం కన్నా ప్రస్థానమే అలవాటని. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మేకు మీద ఊగి, బస్సు కదిలిందనుకుంటాను.

మొన్న ఒక ముసలాయన వచ్చారు. నా ముందు ఆగారు. పక్కనే ఉన్న విద్యార్థిని పెద్దాయన కదా అని దగ్గరికొచ్చి వివరించింది.

"పైనంతా ఖాళీ వదిలి కింద చేతులే వేశారండి. ఈ మగ చెయ్యి భానోజీ అని పాత ఆర్టిస్టు గీసిందండి. చాలామందికి తెలీదు ఆయన. ఈ పిల్ల చెయ్యి ఉంది చూశారా, ఇది సుగుణ గారిదండి. మా సారు దీన్ని కాపీ చేయించకుండా ఎవర్నీ పాస్ చెయ్యరు. చిటికెనవేలు చూడండి."

భానోజీ గారు వంగి, చిటికెనవేలు చూశారు. చాలాసేపు చూశారు. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

"అవునమ్మా" అన్నారు. "బాగా గీసిందావిడ."

కాదని చెబుదామంటే నాకు నోరు లేదు. ఉన్నవి రెండు చేతులే.