చెయ్యి పెట్టి చూసేవాడు

దోహా శివారులోని సనయ్య లేబర్ క్యాంపు నుంచి బయలుదేరిన కంపెనీ బస్సులో ఆండ్రూ కొలత టేపుకు పట్టిన ఇసుకను పాత బనీను గుడ్డతో తుడుస్తున్నాడు. యాభై నాలుగేళ్ళ సెంట్రింగ్ మేస్త్రి. సుత్తి దెబ్బకు ఎప్పుడో ఊడిన కుడి బొటనవేలి గోరు మళ్ళీ వంకరగా మొలిచింది. పాలకొల్లు దగ్గరి పల్లె వదిలి వచ్చి ఇరవై రెండేళ్ళు. దోహాలో ఎన్ని అంతస్తులకు చెక్క బిగించాడో అతనికే గుర్తులేదు. ఊళ్ళో తన ఇంటికి మాత్రం ఇంకా పూత పడలేదు.

"నిన్న ఏడ ఆపినవ్ అన్నా? తోమా రానన్నడు, గంతే," అన్నాడు పక్క సీటులోని జలంధర్. నిర్మల్ నుంచి వచ్చిన కూలి. ఆండ్రూ తనంతట తాను మతం మాట ఎత్తడు. తోటి కూలీలు అడిగితే, క్రీస్తు శిష్యుడు తోమా కథ ఒక్కటి మాత్రం చెబుతాడు.

"అవును. క్రీస్తు ప్రభువు ఇండియాకి వెళ్ళమంటే, నా వల్ల కాదని మొండికేశాడు. అప్పుడే ఒక వర్తకుడు వడ్రంగి కోసం వెతుక్కుంటూ వచ్చాడు. ప్రభువే తోమాని ఆయనకి అమ్మేశాడు."

"అమ్ముడా? మన ఏజెంటు లెక్కనే!" అన్నాడు వెనక సీటులోంచి తిరుమల్. బస్సంతా నవ్వింది.

"ఇండియాలో రాజు కోట కట్టమని సొమ్మిచ్చాడు. తోమా అదంతా బీదలకి పంచేశాడు. ఓ రోజు రాజొచ్చి, నా కోట ఏదయ్యా అన్నాడు."

బస్సు వెస్ట్ బేలో సైటు ముందు ఆగింది. కథ అక్కడే ఆగిపోయింది.

తొమ్మిదిన్నరకు స్లాబు పోయాలి. ఆండ్రూ సెంట్రింగ్ చెక్కల కింద వంగి వంగి నడుస్తూ, వాటిని మోసే ప్రతి ఇనుప జాకీ అడుగున వేలు పెట్టి చూశాడు. మూడో వరుసలో చెయ్యి ఆగింది. అడుగు పలక కింద నేల చల్లగా, మెత్తగా తగిలింది. సముద్రాన్ని పూడ్చిన నేల అది. నొక్కితే వేలు కణుపు దాకా దిగింది. పోత పోసేటప్పుడు జాకీలు కనిపెట్టి చూడడానికి జలంధర్, తిరుమల్ సరిగ్గా ఇక్కడే నిలబడాలి.

బయట మూడు కాంక్రీటు లారీలు డ్రమ్ములు తిప్పుతూ నిలుచున్నాయి. ఎండ అప్పుడే మండుతోంది. సైట్ ఇంజనీరు ఖుత్బుద్దీన్ చెక్‌లిస్టు చేతికిచ్చాడు. హైదరాబాదు మనిషి.

"లారీలొచ్చి ముప్పావు గంటయింది ఆండ్రూ. సంతకం పెట్టు, యల్లా, జల్ది."

"మూడో వరుస కింద నీరుంది సార్. రెండు రోజులిస్తే తవ్వించి గట్టి పలకలు వేయిస్తాను."

"లారీలల్ల మాల్ గట్టిపడతది. లారీలు వాపసు పోతే పైవాళ్ళకు నేనేం చెప్పాలె?"

"నేలే బరువు ఆపేలా లేదు సార్. మీరూ ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

ఖుత్బుద్దీన్ వంగలేదు. గొంతు తగ్గించాడు. "నీ రెన్యువల్ కాగితం నా టేబుల్ మీదున్నది. యాదుందా?"

ఆండ్రూ పెన్ను మూత తీశాడు. మొన్న ఫోనులో భార్య రెజీనా, "ఇంకో రెండేళ్ళేగా, ఇంటి పని అయిపోతుంది" అంది. వీసా గడువు ఇంకో నాలుగు రోజులే. ఇన్నేళ్ళలో అతను చూడకుండా సంతకం పెట్టింది ఒక్కసారే. ఆ రోజు ఒక నేపాలీ కుర్రాడి కాలు పోయింది. ఆ కేక ఇప్పటికీ కొన్నిసార్లు భోజనం మధ్యలో వినిపిస్తుంది.

పంపు దగ్గర మనిషి హారన్ కొట్టాడు. జలంధర్ టోపీ బిగించుకుని స్లాబు కిందికి వెళ్ళబోయాడు.

"బయటికి రా జలంధర్," అన్నాడు ఆండ్రూ. "తిరుమల్, నువ్వూ. ఎవరూ కిందికి వెళ్ళొద్దు."

చెక్‌లిస్టులో మూడో వరుస ఎదురుగా "నేల తడి" అని రాసి, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చాడు. మేస్త్రి సంతకం లేకుండా పంపు తిరగదు. మధ్యాహ్నం లోగా లారీలు మూడూ వెళ్ళిపోయాయి. సాయంత్రానికి కబురొచ్చింది. రెన్యువల్ లేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున, ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళే వ్యాను క్యాంపు వాకిట్లో ఆగింది. జలంధర్ పెట్టె మోసుకొచ్చాడు.

"నిన్న మూడో వరుస కింద తవ్విన్రు అన్నా. మోచెయ్యి వట్టేంత బొంద ఉన్నది. ఖుత్బుద్దీన్ సార్ నువ్వు రాసిచ్చిన కాగితం చూసి, మడిచి జేబుల పెట్టుకున్నడు."

ఆండ్రూ తల ఊపాడు.

"మరి తోమా ఏమైండు?"

"కోట పరలోకంలో ఉందన్నాడు. రాజు చెరలో వేశాడు. చచ్చి బతికిన రాజు తమ్ముడు ఆ కోటని చూశానంటే, అప్పుడు నమ్మి వదిలేశాడు. చివరికి తోమాని చెన్నపట్నం దగ్గర కొండ మీద ఎవరో బల్లెంతో పొడిచేశారు."

"ఇంటికి పోలేదా అయితే?"

"పోలేదురా. నేను వెళ్తున్నాగా," అన్నాడు ఆండ్రూ. జలంధర్ భుజం నొక్కి వ్యానెక్కాడు.

వ్యాను కదిలింది. గది గుమ్మం పక్కన, మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో ఆండ్రూ ఎప్పుడో చేసిన పొట్టి స్టూలు మీద తిరుమల్ కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. దాని ఒక కాలు కాస్త పొట్టి. ఊగకుండా కింద దోపిన అట్టముక్క ఇంకా అలాగే ఉంది.