మట్టిపాలైన బంగారం

కోడలి ఉద్యోగం ఏమిటని ఎవరడిగినా అత్తగారు ఒకటే చెబుతుంది: బంగారాన్ని మట్టిపాలు చేయడం. అందులో అబద్ధమేమీ లేదు. కంటికి ఆనని బంగారు రేణువుల్ని, గోడరంగుల్లో కలిపే తెల్లటి ఆక్సైడు పొడి మీద నిలపడమే ఆమె పని. ముద్దగా ఉన్నంతసేపూ బంగారం ఒట్టి సోమరిపోతు. నలుసులో నలుసై ఆ పొడి మీద కూర్చుంటే మాత్రం, రెండూ తాకే అంచున పొగలోని కార్బన్ మోనాక్సైడుకు ఆక్సిజన్ జతచేసి దాని విషం విరిచేస్తుంది. వేడి కూడా అక్కర్లేదు.

ఆ పొడి మంటలార్పేవాళ్ల మాస్కుల కోసం. మరిదిదీ మంటలార్పే ఉద్యోగమే. కిందటేడు ఓ నేలమాళిగలో ఆ వాయువు పీల్చి పడిపోతే తోటివాళ్లు మోసుకొచ్చారు. ఇప్పటికీ అతను డ్యూటీకెళితే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

పొడి మాత్రం పనిచేయడం లేదు. ఈసారీ కాకపోతే బంగారం మానేసి ప్లాటినం చూద్దామన్నాడు ల్యాబు పెద్దాయన. ప్లాటినానికి వేడి కావాలి. మాస్కులో పొయ్యి పెట్టలేరు కదా.

పొడికి బంగారం పట్టించడానికి వాడే బంగారు లవణంలోని క్లోరైడు ఏ కాస్త మిగిలినా, ఆ తర్వాత పొడిని కాల్చేటప్పుడు రేణువులు చుట్టాల్లా ఒకచోట చేరి ముద్దకడతాయి. అందుకే ఆమె పొడిని అందరికంటే ఎక్కువసార్లు కడిగేది. ఆ రోజూ కడిగి, జారిన నీళ్లలో వెండి ద్రావణం చుక్క వేసింది. క్లోరైడుంటే పాలలా విరగాలి. నీళ్లు తేటగానే ఉన్నాయి. తృప్తిగా పొడి ఉన్న గరాటు పట్టుకెళ్లి కుళాయి తిప్పింది.

పక్కబల్ల ఆవిడ తలెత్తింది. "అదేంటి, మళ్లీ కుళాయి కింద పెట్టావ్?"

"ఆఖరి జాడింపు ధార కిందే కదా..."

అంటూనే గరాటు పక్కకు లాగింది. అది అత్తగారి చట్టం. బట్టయినా గిన్నెయినా చివర్లో ధార కింద పట్టాల్సిందే. ఇన్నేళ్ల కాపురంలో చేతులకు పట్టేసిన అలవాటు, ల్యాబులోనూ తన పని తాను చేసుకుపోతోంది. కుళాయి నీళ్లు పట్టి వెండి చుక్క వేసింది. తెల్లగా విరిగాయి.

"శుభ్రంగా కడిగి, మళ్లీ ఉప్పు పూసి కాలుస్తున్నావన్నమాట," అందావిడ.

పొడి మళ్లీ మొదటినుంచి చేసింది. ఈసారి ఆఖరిదాకా డిస్టిల్డ్ నీళ్లే. గాజుగొట్టంలో ఒకవైపు నుంచి విషవాయువు కలిపిన గాలి పంపితే, రెండోవైపు మీటరులో అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గర నిలిచింది. పెద్దాయన ప్లాటినం ఊసెత్తలేదు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు మూతి ముడిచింది. "అయితే తప్పు నాదంటావ్."

"అలవాటు మీది, చెయ్యి నాది, అత్తయ్యా."

తేమగాలిలో, అసలు పొగలో ఇంకా పరీక్షలున్నాయనీ, మాస్కు దాకా రావడానికి టైము పడుతుందనీ చెప్పింది. అత్తగారు చిన్నకొడుకు యూనిఫారం బకెట్లోంచి తీసి కుళాయి ధార కింద పట్టింది. చాలాసేపు జాడిస్తూనే ఉంది.

"సరే, చెయ్యి," అంది చివరికి, తలెత్తకుండానే. "బాగా మట్టిపాలు చెయ్యి."