అందరూ డాల్ఫిన్లను చూసిన రోజు

ఇంకో రెండు రోజుల్లో నా విజిట్ వీసా అయిపోతుంది, రాయచోటికి పోవాలి. "ఎగ్జిట్ పెట్టి ఇంటికొచ్చేస్తా" అనే మాట మా ఆయన అల్లాబకాష్ నోట ఈసారైనా వినకుండా విమానం ఎక్కేది లేదని మొండికేసి ఉన్నాను. ఎప్పుడడిగినా ఫోనులో "వచ్చే ఏడు" అంటాడు. ఇప్పుడేమో పక్షులు చూపిస్తానని నన్ను పడవెక్కించాడు! ఒళ్లు మండదూ?

ఈ అరబ్బు దేశంలో, ఖమీస్ అనే కొండ ఊళ్లో ఆసుపత్రి బస్సు తోలుతాడు ఈయన. పనికి పెట్టుకున్న యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు, ఆయన ఎగ్జిట్ ఇస్తేనే పని వదిలి ఇంటికి రావడం. అక్కడి డాక్టర్లు, నర్సులు సెలవు రోజున దీవి చూద్దామనుకున్నారు. తెల్లవారకముందే ఘాట్ రోడ్డు దించి వాళ్లను సముద్రం ఒడ్డుకు చేర్చింది ఈయనే కాబట్టి, మా ఇద్దరికీ పడవలో చోటిచ్చారు.

ఆ దీవి ఎప్పుడో నిప్పులు కక్కి చల్లారిన కొండట. పొయ్యిలోంచి తీసిన బొగ్గులా ఉంది. చుట్టూ నీళ్లు మాత్రం ఎంత తేటగా ఉన్నాయంటే, తాబేలు పైన ఈదుతుంటే దాని నీడ కింద ఇసుక మీద విడిగా పోతోంది. ఇంజను ఆపేశారు. తెల్లటి పొట్టల పక్షులు నల్లరాళ్ల మీంచి జారి, నీళ్లను తాకీ తాకకుండా తేలిపోతున్నాయి. అబ్బ! నా కోపం కూడా వాటి వెంట ఎటో పోయింది. మేలుకునే ఉన్నానో, కలగంటున్నానో తెలియలేదు.

"ఏమబ్బా, ఎప్పుడొస్తావు ఇంటికి?" అని తిరిగి చూస్తే, ఈయన పరదా నీడలో పడి నిద్రపోతున్నాడు.

"తాజక్కా, డాల్ఫిన్లు! తొందరగా రండి!" అని డాక్టరు చరితమ్మ కేకేసింది. అందరూ ఆ పక్కకు పరిగెత్తారు. నేను కదల్లేదు. పెళ్లయినప్పటి నుంచీ ఈ మనిషిని పగటి వెలుతురులో ఇంత తీరిగ్గా ఎన్నడు చూశాను గనక? వీడియోలో మొహం తప్ప ఏం కనిపిస్తుంది? నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. నిద్రలో కూడా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంది. వాళ్లు డాల్ఫిన్లను చూశారు, నేను నా మొగుణ్ణి చూసుకున్నాను.

ఎండ మొహం మీదికి రాగానే కదిలాడు. కళ్లు తెరవకుండానే జేబులోంచి ఫోను తీసి, అలవాటైన చోట నొక్కి, చెవికి పెట్టుకున్నాడు. నా సంచిలో ఫోను మోగింది.

రోజూ మధ్యాహ్నం నాకు ఫోను చేస్తాడు. పక్కనే ఉన్నానని మరిచిపోయాడు! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఫోనెత్తాను.

"తింటివా, తాజూ?" అన్నాడు నిద్రమత్తులో.

"తింటి. ఇంటికెప్పుడొస్తావు?"

"వచ్చే..." అంటూ కళ్లు తెరిచాడు. ఎదురుగా నేను. ఇన్నేళ్లుగా ఫోనులో తడుముకోకుండా చెప్పిన మాట, నా మొహం చూస్తూ పూర్తి చేయలేకపోయాడు. నేనూ తల తిప్పుకోలేదు.

ఫోను చెవి దగ్గర్నుంచి దించకుండానే అన్నాడు: "రేపే కఫీల్‌ను ఎగ్జిట్ అడుగుతా మే. నువ్వు పక్కన కూర్చోనుంటే కూడా నీకు ఫోన్ చేసే బతుకైపాయ నాది."