మంచు మీద దించిన ఇల్లు

చేపలు పట్టుకునే చక్రాల ఇల్లు సరస్సు మంచు మీద దించేలోపు మా ఆయన ఎల్డన్‌కి చెప్పేయాలని బయల్దేరాను. ట్రక్కు ఎక్కినప్పుడు అదే అనుకున్నాను. కౌంటీ రోడ్డు దాటినప్పుడూ అదే అనుకున్నాను. గడ్డకట్టిన సరస్సు మీదికి దిగే చోట అతను కిటికీ అద్దాలు దించి, "బెల్టు విప్పెయ్" అన్నప్పుడు కూడా అదే అనుకుంటూ, నోరు మూసుకుని బెల్టు విప్పాను. మంచు పగిలితే దూకేయాలి కదా.

చెప్పాల్సింది రెండే ముక్కలు. బెమిడ్జీ ఊళ్ళో రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. ఒకటో తారీఖున వెళ్ళిపోతున్నాను. ఈ మాత్రానికి ఇరవై రోజులుగా నానుస్తున్నాను.

గొడవేమీ లేదు. గొడవ ఉంటే బాగుండేది, అరిచి, ఏదో ఒకటి విసిరి, తలుపు ధడాలున వేసి పోయేదాన్ని. మొన్న వేసవిలో ఎల్డన్ నిచ్చెన మీంచి పడ్డాడు. వంటింట్లో ఉన్న నాకు చప్పుడు వినిపించింది. నేను ముందు పొయ్యి కట్టేశాను, చెయ్యి తుడుచుకున్నాను, తర్వాత బయటికి వెళ్ళాను. అతనికి ఏమీ కాలేదు. నాకే ఏదో అయిందని ఆ రోజు తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషి కింద పడితే గుండె ఝల్లుమనాలి. నాకు ఏమీ అనిపించలేదు. అప్పట్నుంచి వెతుక్కుంటూనే ఉన్నాను, ఎక్కడైనా కాస్త కోపమో, కాస్త జాలో మిగిలిందేమోనని. జాలి మాత్రం కొంచెం దొరికింది. నోరు పెగలనివ్వనిది అదే.

గేటు దగ్గర డెల్మర్ చెయ్యి ఊపాడు. సరస్సు ఒడ్డున ఉన్న రిసార్టు అతనిదే. మంచు మీద దారి చేసేదీ, ఎంత మందం ఉందో కొలిచి చెప్పేదీ అతనే. వెనక లాక్కొస్తున్న ఇంటి చుట్టూ ఓసారి తిరిగి వచ్చి కిటికీలో తల పెట్టాడు.

"ఒరేయ్ ఎల్డన్, ఇది చేపలిల్లేనా? కొత్త పెళ్ళికూతుర్ని దింపడానికి తెచ్చినట్టున్నావే!"

"మందం ఎంతుంది?" అన్నాడు ఎల్డన్.

"పదిహేడు అంగుళాలు. నువ్వు, నీ ట్రక్కు, నీ రాజమహలు, అన్నిట్నీ మోస్తుంది. నీ మొహం మీద నవ్వొస్తే మాత్రం ఆ బరువుకి పగులుతుందేమో, చూసుకో." తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "మార్విస్, నీకేం కావాలన్నా నాకో ఫోను కొట్టు. మొహమాటపడకమ్మా."

డెల్మర్ నాతో ఇంత మెత్తగా మాట్లాడి ఎరగడు. ముసలితనం వచ్చేసిందనుకున్నాను.

రెండు మైళ్ళు పోయాక ఎల్డన్ ఆపాడు. బరమాతో నాలుగు చోట్ల తొలిచి, లోతు చూసి, తల ఊపాడు. నేను పార తీసుకుని ఇల్లు దిగే మేర మంచు గీకాను. చలి సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద ఉంది. ఊపిరి కండువా మీదే గడ్డకడుతోంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నాలో నేనే సతాయించుకుంటున్నాను. ఎల్డన్ వెనకచక్రాల పిన్నులు లాగాడు.

"కొయ్యలు పెట్టు" అన్నాడు.

ఇంటి చట్రం కింద నాలుగు మూలలా కొయ్యదిమ్మలు సర్దాను. అవి పెట్టకపోతే చట్రం మంచులో అతుక్కుపోయి, మార్చిలో గడ్డపారలతో పొడుచుకోవాలి. మా బావగారు ఒకసారి మర్చిపోయి, సగం ఇల్లు సరస్సుకే వదిలేసి వచ్చారు. చక్రాలెత్తే హ్యాండిల్‌కి డ్రిల్లు బిగించి ఎల్డన్ తిప్పాడు. చక్రాలు పైకి లేస్తుంటే ఇల్లు మెల్లమెల్లగా కూచుంది. ఓ మూల కాస్త ఎత్తుగా ఉంటే మళ్ళీ లేపి, పలకముక్క దోపి, మళ్ళీ దించాడు. మట్టం పెట్టి చూసి, బుడగ మధ్యకొచ్చేదాకా ఊరుకోలేదు.

ఇల్లు దిగింది. నేను చెప్పలేదు. సరే, చుట్టూ మంచు కప్పేలోపు చెబుదాం అనుకున్నాను. పిరికిదాన్ని.

గాలి దూరకుండా గోడల అడుగున మంచు తట్టి, గాలి గొట్టం దగ్గర మాత్రం జానెడు ఖాళీ వదిలి, రెండు పక్కలూ పూర్తి చేశాను. లోపల బరమా రొద ఆగింది. ఎల్డన్ తలుపు తీశాడు.

"రా, చూడు."

ఆగస్టు నుంచీ దీన్ని గ్యారేజీలో కడుతున్నాడు. ఉత్త చట్రం, రేకు గోడలు తెచ్చుకుని మిగతాదంతా తనే చేశాడు. నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. రాత్రిళ్ళు రంపం చప్పుడు వినిపిస్తుంటే, వంటింట్లో కూచుని అద్దెగదుల ప్రకటనలు చదువుకున్నాను.

లోపల దేవదారు వాసన గుప్పుమంది. హీటరు అప్పటికే వేడెక్కింది. నేలలో రెండు కన్నాలు, వాటి పైన చిన్న దీపాలు, గోడకి, చేప గాలానికి పడగానే గిలక్కాయలా మోగే దారపు చుట్టలు. అంతవరకు అందరి చేపలిళ్ళలోనూ ఉండేవే. కిటికీ కింద వెడల్పాటి మంచం వేశాడు. గోడలో బట్టల అర పెట్టాడు. గడ్డం గీసుకునే ఎత్తులో అద్దం బిగించాడు. వంట చేసే మూల గ్యాసు పొయ్యి, దాని కింద చిన్న ఓవెను. అరల అంచులన్నీ గుండ్రంగా, చెయ్యి గీరుకోకుండా చిత్రిక పట్టాడు.

"ఓవెను కూడానా!" అన్నాను.

"వారానికో రొట్టె చేసుకోవచ్చని."

వాళ్ళమ్మ నాకు నేర్పిన ఏలకుల రొట్టె అతనికి ప్రాణం.  ఈ మనిషి నాలుగు నెలలు కష్టపడి మా ఇద్దరికీ మంచం వేశాడు, నేను రొట్టె చేస్తానని ఓవెను పెట్టాడు. నేనేమో గదుల తాళంచెవి కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. అంతకు మించి ఇంకేదైనా వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"కుదిరినట్టేనా?"

"కుదిరింది, ఎల్డన్. చాలా బాగా చేశావు."

అతను తల ఊపి, థర్మాస్‌లోంచి ఇద్దరికీ కాఫీ పోశాడు. నించునే తాగాం. తర్వాత బల్ల కిందనుంచి రెండు పాత కాఫీ డబ్బాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"పేరూ, చిరునామా. అక్షరాలు చెక్కలో కోశాను. బయట గోడ మీద బిగించేస్తావా? నేను బిగిస్తే నీకు తెలుసుగా, వరస వంకర పోతుంది."

మంచు మీద పెట్టే ప్రతి ఇంటికీ బయట పేరూ చిరునామా కనబడాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పని నాదే. డ్రిల్లు తీసుకుని బయటికి వెళ్ళాను. ఒక్కో అక్షరం ఆనించి, ఒక్కో మర బిగించాను. వేళ్ళకి మరలు తగులుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు. ఎల్డన్ హౌతాలా అని పేరు మొదటి వరసలో తిన్నగా వచ్చింది. ఈ వరస అయ్యేలోపు చెప్పేస్తానని, రెండో వరస అయ్యేలోపు చెప్పేస్తానని నాతో నేనే బేరం పెట్టుకుంటున్నాను.

రెండో డబ్బా తెరిచాను. ఒకటి. నాలుగు. మా ఇంటి నంబరు ఐదంకెలు. డబ్బా బోర్లించి చూశాను. ఇంకో అంకె లేదు, ఓ గుప్పెడు అక్షరాలున్నాయి.

"ఎల్డన్! మిగతా అంకెలు గ్యారేజీలో మర్చిపోయినట్టున్నావు."

అతను బయటికొచ్చి తలుపు మూశాడు. వేడి పోకూడదని కాబోలు.

"అన్నీ ఉన్నాయి" అన్నాడు.

"ఏం ఉన్నాయి? రెండే ఉన్నాయి. మనది ఐదంకెలు కదా."

"అది మన ఇంటిది కాదు. డెల్మర్ రిసార్టులో పద్నాలుగో జాగా. ఏడాది పొడుగునా ఉండేట్టు తీసుకున్నాను. మంచు కరిగాక ఇల్లు అక్కడికి లాగేసుకుంటా. ఉత్తరాలు కూడా ఇంక అక్కడికే వస్తాయి."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. చేతిలో ఒకటి అంకె పట్టుకుని అలాగే నించున్నాను.

"వేసవి నుంచీ నువ్వు చెప్తావేమోనని చూశాను మార్విస్. పండగ ముందు నుంచీ ఏదో చెప్పబోయి మింగేస్తున్నావు. నీకు కష్టంగా ఉన్నట్టుందని నేనే చేసేశాను. నువ్వు ఇల్లు వదలక్కర్లేదు. నాకు ఇది చాలు."

మంచం వెడల్పు అతనొక్కడు దొర్లడానికి. ఓవెను, తన రొట్టె తను చేసుకోవడానికి. డెల్మర్‌కి ఇదంతా ముందే తెలుసు, నాతో అంత మెత్తగా మాట్లాడింది అందుకే. ఇన్నాళ్ళూ నేను ఈ మనిషి మీద జాలిపడుతున్నానని మురిసిపోతుంటే, ఆగస్టు నుంచీ ఇతను నా మీద జాలిపడుతూ చెక్కలు కోస్తున్నాడు. ముందు రోషం వచ్చింది. ఎన్ని నెలల తర్వాతో, కణకణలాడే రోషం. నన్ను వదిలేస్తున్నది ఇతనా!

"నేను బెమిడ్జీలో గదులు తీసుకున్నాను" అన్నాను. రెండు ముక్కలూ ఒక్క ఊపులో వచ్చేశాయి. "ఒకటో తారీఖున పోతున్నాను."

ఎల్డన్ చేతితొడుగు తీసి, మళ్ళీ వేసుకున్నాడు.

"నీకోసమని నవంబరులో ఇల్లు వేడెక్కడానికి కొత్త ఫర్నేసు వేయించాను కదా" అన్నాడు చివరికి. "పాతదాంతో నువ్వొక్కదానివీ వేగలేవని."

"నీకోసమని వండి ఫ్రీజరు నింపాను. ఫిబ్రవరి దాకా వస్తుంది. ఏది ఎంతసేపు వేడి చేయాలో అన్నిటి మీదా రాశాను."

"అన్నిటి మీదా రాశావా?"

"నీకు తెలియదు కదా మరి."

అతను నవ్వబోయాడు, కుదరలేదు. దూరంగా ఎవరి ట్రక్కో పోతోంది, కాళ్ళ కింద మంచు సన్నగా మూలిగింది. ఇద్దరం ఒకేసారి ఒడ్డువైపు చూశాం.

"మరి ఇంట్లో ఎవరుంటారు?" అన్నాడు ఎల్డన్.

"నువ్వుండు."

"నాకెందుకు? నువ్వుండు."

"నాకు వద్దు."

"నాకూ వద్దు మార్విస్."

 చేతిలోని ఒకటి అంకెని గోడకి ఆనించాను. ఎల్డన్ డ్రిల్లు అందుకుని మర బిగించాడు. నాలుగు దాని పక్కన పెట్టాను, అదీ బిగించాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అతని కోసం కాదు, నాకోసం కాదు. పొద్దున తొందరలో వంటింట్లో లైటు ఆర్పకుండా వచ్చాను, అది ఆ ఖాళీ ఇంట్లో అలాగే వెలుగుతోంది.