గోడకు అవతల

దర్జీ ఆమె ఆ కాలేజీకి చదువు కోసం రాలేదు. ఒక్క మాట అడగడానికి వచ్చింది.

ఊరి చివర రెండంతస్తుల పాత ఇల్లది. వయసు మళ్ళినవాళ్ళు వారం రోజులు అక్కడే తిని, అక్కడే పడుకుని ఎస్పెరాంటో నేర్చుకుంటారు. ఏ దేశానికీ సొంతం కాని భాష. నేర్చుకుంటే అన్ని దేశాలవాళ్ళతోనూ మాట్లాడొచ్చంటారు. ఆమె మొగుడు గడియారాలు బాగుచేసేవాడు, ఏటా వెళ్ళేవాడు. "ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి గానీ, మా అన్నయ్య లోకమంతటితో మాట్లాడతాట్ట!" అని ఆడపడుచు ఎగతాళి చేసేది. ఆమె కూడా నవ్వేది.

నిరుడు ఆయన ఆ కాలేజీ గదిలోనే గుండె పట్టుకుని పోయాడు. అప్పుడు పక్కనున్నది ఒక్కడే, వేరే దేశపు రైలు డ్రైవరు. ఆయనకి ఈమె భాష రాదు, ఈమెకి ఆయనది రాదు. పోయేముందు మొగుడు ఏమన్నాడు? ఆ ప్రశ్న ఏడాదిగా ఆమెకి ముద్ద దిగనివ్వలేదు. డ్రైవరు ఈ ఏడూ వస్తున్నాడని తెలిసి, కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి బయల్దేరింది.

"ఎందుకమ్మా ఈ అవస్థ? నేనడిగి చెబుతాగా," అన్నాడు అక్కడ పాఠాలు చెప్పే మేష్టారు, మొదటిరోజే, ఆమె భాషలో.

"వద్దండీ. ఆయనతో అన్నేళ్ళు కాపురం చేసి, ఆఖరి మాట మూడోమనిషి నోట వినమంటారా?"

మేష్టారు ఆమె చేతికి పాఠాల పుస్తకం ఇచ్చాడు.

ఆ కాలేజీకి ఒక పద్ధతుంది. ఒకే భాషవాళ్ళని ఒక గదిలో వెయ్యరు. వేస్తే చెరువులో చేపల్లా సొంత భాషలోకి జారిపోతారని. ఆమెకి దూరదేశపు నర్సు జతపడింది. ఇద్దరూ కిటికీ చూపించి కిటికీ, రొట్టె చూపించి రొట్టె అనుకునేవారు. చీకటి పడితే ప్రతి గదిలోనూ పాఠాలు వల్లించే గొణుగుడే. ఆమెకి ఒక మాట తలకెక్కితే ఇంకోటి దిగిపోయేది.

నేర్చుకోడానికి వచ్చినవాళ్ళలో ఆమె భాషవాడు ఒక్కడే, బేకరీ ఆయన. ఆయన కూడా ఏటా వచ్చేవాడే. భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, ఆవేళ నేను పక్కగదిలోనే ఉన్నానమ్మా, ఇప్పుడున్న గదే. గోడవతల గొణుగుడు వినపడుతూనే ఉంది. పాఠం వల్లిస్తున్నాడనుకున్నా. బావగారికి చదువు పిచ్చి ముదిరిందిరా బాబూ అని నవ్వుకుని, అటు తిరిగి పడుకున్నా."

"ఒక్క మాటైనా తెలీలేదా అన్నయ్యా?"

"గోడ కదమ్మా. గొంతొక్కటే వచ్చింది."

ఆమె చేతిలో రొట్టె కంచంలో పెట్టేసింది.

ఆఖరిరోజు మధ్యాహ్నం ఆమె డ్రైవరు గది తలుపు కొట్టింది. ఆయన అడిగి మరీ పాత గదే తీసుకున్నాడు. గోడ వారగా రెండు ఇనపమంచాలు. ఏ మంచమో ఆమె అడగలేదు.

"నా భర్త. చివర. ఏ మాటలు?" అంది ఎస్పెరాంటోలో కూడబలుక్కుని.

ఆయన ఈ ప్రశ్న కోసమే ఏడాదంతా కూర్చున్నట్టున్నాడు. ఆమెకి అర్థమయ్యేలా, చంటిపిల్లకి గోరుముద్దలు పెట్టినట్టు, మాట మాటా విడదీసి చెప్పాడు.

"చాలా మాటలు. చాలా సేపు. ఆగలేదు. ఈ భాష కాదు. నీ భాష."

ఆమె ఎదుటి మంచం మీద కూర్చుంది. బతికినన్నాళ్ళూ పిసినారి డబ్బు దాచినట్టు మాట దాచుకున్న మనిషి, ఒక్క ముక్క తెలియనివాడి ముందు మూటంతా విప్పి పోశాడు.

"నువ్వు?"

"నేను చెయ్యి పట్టుకున్నాను. అవును, అవును అన్నాను. మా నాన్న కూడా చివర అలాగే మాట్లాడాడు. చివరి మాటలు వినాలి. లేచి వెళ్ళకూడదు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నేను మంచి చేశాను?"

గుండెలో నొప్పితో ఉన్న మనిషి ఏం చెబుతాడు? నీళ్ళంటాడు. డాక్టరంటాడు. పక్కగదిలో మనవాడున్నాడు, లేపమంటాడు. దానికి అవును, అవును అంటూ చెయ్యి నిమురుతూ కూర్చున్నాడీయన.

ముసలాయనకి మంచి మాటే చెబుదామని ఆమె నోరు తెరిచింది. కానీ అబద్ధం అల్లాలంటే చాలా మాటలు కావాలి. ఆమె దగ్గర కిటికీ, రొట్టె ఉన్నాయి. లేచి వెళ్ళి గోడ మీద కొట్టింది.

"అన్నయ్యా!"

"ఆఁ, చెల్లెమ్మా! ఏం కావాలీ?" వెంటనే పలికాడు బేకరీ ఆయన, పక్కనే ఉన్నట్టు.

డ్రైవరు గోడవంక చూశాడు. తర్వాత ఆమెవంక చూశాడు. మాటలు తెలియకపోయినా, ఆవేళ కూడా ఆ భాషవాడు గోడవతలే ఉన్నాడని తెలిసిపోయింది. మొహం సున్నం కొట్టినట్టయింది. మంచం మీద కూలబడ్డాడు.

"కాసిని నీళ్ళు పట్రా అన్నయ్యా," అంది ఆమె గోడతో.

అవతల చెప్పులు టపటపలాడాయి. తలుపు తెరుచుకుంది. గ్లాసు తొణికిస్తూ బేకరీ ఆయన వచ్చేశాడు. డ్రైవరు రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు గానీ, తాగలేదు.