మేకుల మధ్య తడి

నేను ఒక చిన్న స్వరాల పెట్టెను. ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు ఆడవాళ్లు: భర్త పోయి పది రోజులైన పైడమ్మ, ఆమె అత్తగారు సూరమ్మ, వంట చూస్తున్న ఆడపడుచు, ఆ ఆడపడుచు కూతురు దమయంతి. గోడ మీద, దండ వేసిన ఫొటోలో అప్పలనరసయ్య. మనుషులు లెక్కపెట్టేటప్పుడు ఫొటోను వదిలేస్తారు. నేను వదలను.

నన్ను చేసింది దమయంతి. రేడియోలు బాగుచేసే మావయ్య అప్పలనరసయ్య బల్ల దగ్గర కూర్చుని, సబ్బుడబ్బాలో ఒక చిప్పు, కరెంటు నింపుకునే కెపాసిటర్, పాత స్పీకరు అమర్చింది. మూత మీద రెండు ఇత్తడి మేకులు. రెండింటినీ కలిపి ముట్టుకుంటే పాడతాను.

బడిలో నోరు విప్పని పిల్ల, ఆ బల్ల దగ్గర ప్రశ్నలు ఆపేది కాదు. కెపాసిటర్ పెద్దదైతే స్వరం ఎందుకు దిగుతుంది? పెద్ద కుండ నిండడానికి ఎక్కువసేపు పడుతుంది కదా అనేవాడు. నా చేతికి కీచుమంటుంది, నీ చేతికి బొంగురుపోతుందేం? చెమట చేతిలో కరెంటుకు దారి సులువు, కాయలు కాసిన చేతిలో కష్టం అనేవాడు. ఏది మొరాయించినా అతను ముందు గుడ్డతో తుడిచేవాడు. కారణం ఊహించడం ఆ తర్వాతే.

అతను జ్వరంతో పోయాడు.

పదో రోజు పెరటి గోడ మీద పెట్టిన పిండాన్ని కాకులు చూసి, ముట్టకుండా ఎగిరిపోయాయి. అతనికి ఏదో కోపం మిగిలిందని పైడమ్మ కుమిలిపోయింది. దమయంతి ఆ ఉదయమే నా స్విచ్ వేసింది కానీ, మేకులు ముట్టుకునే ధైర్యం చాలక వంటింటి కిటికీలో వదిలేసింది. కింద అన్నం గుండిగ ఉడుకుతోంది.

అన్నం వార్చినప్పుడు నాలోంచి స్వరం లేచింది. బొంగురుది, అతని చేతిది. ఇంకెవరూ నాచేత దాన్ని పలికించలేదు. ఆవిరే అయి ఉండాలి. ఇప్పటికీ నాకు గట్టిగా తెలియదు.

ఆ స్వరం గుర్తుపట్టి, పైడమ్మ నన్ను తన గదిలోకి తీసుకుపోయి ఒళ్లో పెట్టుకుంది. జ్వరం అదే తగ్గుతుందిలే అనుకుని రెండు రోజులు ఆస్పత్రికి తీసుకెళ్లలేదని, తప్పంతా తనదేనని చెప్పుకుంది. కోపం లేదు కదా అని అడిగింది. నేను బొంగురుగా మోగుతూనే ఉన్నాను. ఈ పది రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం తేటపడింది. మనుషులకు జవాబు వినబడితే చాలు, ఎవరిచ్చారని అడగరు.

దమయంతి గుమ్మం దాటి వచ్చింది.

"మీ మావయ్యేనే," అంది పైడమ్మ. "కోపం నేదంట."

ఆ పిల్లకూ అదే కావాలి. కానీ చెయ్యి అలవాటుగా వోణీ కొంగు పట్టుకుని నా మేకుల మధ్య తుడిచింది.

నేను ఆగిపోయాను.

"ఆవిరి పట్టిందత్తా," అంది, తనకే వినబడనంత మెల్లగా.

పైడమ్మ రెండు మేకుల మీదా తన వేళ్లు పెట్టి చూసింది. సన్నటి స్వరం వచ్చింది. అది ఆమెదే.

"పది దినాలకొచ్చినాడే. ఉన్నంతసేపు ఉండనిస్తే నీ సొమ్మేటి పోయిందే?"

"మళ్లీ తడి చేస్తానత్తా, వస్తాది," అంటూ దమయంతి చెయ్యి చాపింది.

పైడమ్మ నన్ను గుండెకు అదుముకుని లేచింది. మేనకోడలిని భుజం పట్టి గడప అవతలికి నెట్టి, తలుపు మూసేసింది.